ఈదమ్మత్త ఇంటికి వేసిన నీలం రంగు

రిటైరైన వాళ్లు రాసే పుస్తకాల్లో మొదటి పేజీలో కోటు వేసుకున్న ఫొటో ఒకటి ఉంటుంది. నాకు కోటు లేదు. జుట్టు కూడా ఇంకా నల్లగానే ఉంది. ముప్పై దాటిన కొత్తలోనే ఉద్యోగం మానేశాను. నిజానికి రిటైరైంది నా కుడి మోకాలు. నేను దాని వెంట వచ్చానంతే. ఇద్దరం కలిసి కోట మెట్లు ఎక్కిన రోజులు చాలానే ఉన్నాయి కాబట్టి దాన్ని ఒంటరిగా పంపడం బాగుండదనిపించింది.

వనపర్తి నుంచి బస్సులో గంటకు పైగా పోతే గుండ్లకోట వస్తుంది. కొండ ఊరు. ఎటు చూసినా ఎవరో ఆటలో సగంలో వదిలేసి పోయినట్టు పెద్ద పెద్ద గుండ్లు. వాటి నడుమ నుంచి గోడ, గోడకు బురుజులు, పైన ఒక దర్గా, ఒక గుడి, ఎండాకాలంలోనూ నీళ్లుండే రాతి దొన. ఆ కోటకు నేను గైడ్‌ని. ఇప్పుడు అక్కడ కొత్తవాళ్లను తీసుకుంటున్నారని విన్నాను. శిక్షణలో మీకు నమస్కారం పెట్టడం, నవ్వడం, మంచినీళ్ల సీసా ఎక్కడ పారేయాలో చూపించడం నేర్పుతారు. అక్కడ చెప్పనివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

వాళ్లు ఏమడుగుతారు

మీరు కోట చరిత్ర ఎంత చదువుకున్నా వచ్చినవాళ్లు అడిగేవి మూడే. నిధి ఉందా, సొరంగం ఎక్కడికి పోతుంది, బాత్రూం ఎక్కడ. మూడో ప్రశ్నకు మాత్రమే నా దగ్గర కచ్చితమైన సమాధానం ఉండేది. అది విన్నాక వాళ్లకు మొదటి రెండింటి మీద ఆసక్తి పోయేది.

నిధి కోసం తవ్విన గుంతలు కోట నిండా ఉన్నాయి. నిధి దొరికినవాడు ఎవడూ లేడు గానీ, ఆ గుంతల్లో పడి కాలు విరిగినవాళ్లు దొరుకుతారు. ఇక సొరంగం. అచ్చంపేట నుంచి గద్వాల దాకా మన వైపు ఏ కోటకు పోయినా, లోపలి నుంచి శ్రీశైలానికి సొరంగం ఉందని చెప్తారు. అవన్నీ నిజమైతే శ్రీశైలం కింద నేల మిగిలేది కాదు. మన దగ్గర చూపించే సొరంగం పది అడుగులు పోయి ఆగిపోతుంది. లోపల గబ్బిలాలు ఉంటాయి. వాటికి శ్రీశైలం పోయే ఆలోచన ఉన్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

ఇంకొకటి. అందరూ మొదటి దర్వాజ కింద నిలబడి చప్పట్లు కొడతారు. వేరే పెద్ద కోటలో కొడితే పైన వినిపిస్తుందని ఎక్కడో చూసి ఉంటారు. మన కోటలో వినిపించదు. కొట్టినవాళ్లు చెవి పెట్టి వింటారు, ఏమీ రాదు, అప్పుడు నా వైపు చూస్తారు. తప్పు నాదే అన్నట్టు.

ఖాజా భాయ్

నాకు పని నేర్పింది ఖాజా భాయ్. నాకంటే ముందు ఆయన ఒక్కడే గైడ్. జీతం లేని రోజుల నుంచి చేస్తున్నాడు. తెల్ల లుంగీ, చేతిలో ఎప్పుడూ విప్పని గొడుగు. మొదటి రోజు నేను రాణిగారు శత్రువుల చేతికి చిక్కకుండా బురుజు మీద నుంచి దూకిందని చాలా ఆవేశంగా చెప్పాను. గుంపులో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. అందరూ పోయాక ఖాజా భాయ్ నన్ను పిలిచాడు.

"ఏ రాణిరా?"

"పేరు తెల్వదు భాయ్."

"ఎక్కడికెళ్లి దూకింది?"

బురుజు చూపించాను. ఆయన దాని కిందికి చూశాడు. కింద ఎవరో గడ్డివామి వేసుకున్నారు. దాని పక్కనే బర్రె.

"గీడికెళ్లి దూకితే చావది. బర్రె మీద పడ్తది. జర సోచాయించి చెప్పు మియా."

ఆ రోజు నుంచి మా కోటలో రాణి దూకడం మానేసింది. కోటలో ఎవరు ఎప్పుడు ఏం కట్టారో మాకు తెలిసింది తక్కువ. తెలియనిది తెలియదని చెప్పడానికి మొదట సిగ్గుపడ్డాను. తర్వాత అలవాటైంది. తెలియదు అన్న మాట చెప్పాక జనం మిగతాది నమ్ముతారు, అది ఒక లాభం.

మా ఇన్‌ఛార్జి సారుకు మాత్రం చప్పట్ల మీద మక్కువ. కోటకు ఏదో ఒక ప్రత్యేకత ఉండాలి అనేవాడు. ఒకరోజు ఖాజా భాయ్‌ని పిలిచి, "మీరు పైన బురుజు దగ్గర కూర్చోండి. కింద వాళ్లు కొట్టగానే మీరూ కొట్టండి" అన్నాడు.

"నాకు బీపీ ఉన్నది సార్" అన్నాడు ఖాజా భాయ్. "ప్రతిధ్వని కాలేను."

సారు చెడ్డవాడు కాదు. పని చేసే సార్లలో చాలామంది చెడ్డవాళ్లు కారు. ఇది రాయడం అవసరం. ఎందుకంటే ఇక ముందు చెప్పబోయే దాంట్లో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఉండుంటే నాకు కొంత సులువుగా ఉండేది.

పొగ పోయే కంత

రెండో దర్వాజ దాటాక ఎడమవైపు బురుజును ఆనుకుని ఒక ఇల్లు ఉండేది. ఈదమ్మది, ఆమె భర్త ఉశేనప్పది. ఊరి వరసలో నాకు అత్తా మామలు. ఉశేనప్ప తాతల తాతలు ఆ బురుజు మీద కావలి కాసేవాళ్లట. రాజులు పోయారు, కావలి పోయింది, ఇల్లు మిగిలింది. ఈదమ్మది ఇటిక్యాల దగ్గర పల్లె. పెళ్లి చేసుకుని కొండెక్కింది. ఎండకు మెట్లెక్కి వచ్చే జనానికి ఇంటి ముందు మజ్జిగ, ఉడకబెట్టిన పల్లికాయ అమ్మేది. వాళ్ల బతుకు మొత్తం ఆ మెట్ల మీద జనానికి పట్టే చెమట మీద నడిచేది.

ఆ ఇంటి రాతి ద్వారబంధానికి రెండు వైపులా చెక్కిన రామచిలుకలు. గోడలు ఎంత మందమంటే దీపం పెట్టే గూట్లో ఒక మనిషి కూర్చోవచ్చు. గోడలకు సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు కలిపి రుబ్బి పూసిన పాత గచ్చు. దర్వాజకు ఉన్న గచ్చూ అదే. వంటింటి గోడలో తుపాకీ గొట్టం పెట్టే కంత ఒకటుంది. లోపల వెడల్పు, బయటకు పోయేసరికి సన్నం. పొయ్యి సరిగ్గా దాని కిందే.

"దుష్మన్లు కనపడనీకె పెట్టిండ్రంట" అనేది ఈదమ్మత్త. "ఒక్కడన్న వచ్చిండో లేదో తెల్వదు గని, పొగ మాత్రం దినాం మంచిగ పోతది."

నేను గుంపుల్ని తీసుకుని ఆ ఇంటి ముందు నుంచి పోయేవాణ్ని. లోపలికి తీసుకుపోయేవాణ్ని కాదు. మేము చూపించాల్సిన వాటిలో ఆ ఇల్లు లేదు. ఫిరంగి, దర్వాజ, దొన, దర్గా ఉన్నాయి. మనుషులు ఉండే ఇల్లు ఎవరికి చూపిస్తాం?

"అల్లుడా, దినాం రాజుల ముచ్చట జెప్తవు. నీ పెండ్లి ముచ్చటెప్పుడు?" అని ఆమె గుంపు మొత్తం వినేటట్టు అడిగేది.

"రాజులకు రాజ్యాలున్నయత్తా. నాకు మోకాలు నొప్పి ఉన్నది."

"గది కట్నం కింద లెక్కకొస్తదా?"

గుంపు నవ్వేది, మజ్జిగ అమ్ముడుపోయేది. ఇద్దరికీ గిట్టుబాటే.

హైదరాబాద్ సారు వస్తున్నాడు

కోటను బాగుచేయడానికి మంజూరు వచ్చిందని ఒక వేసవిలో చెప్పారు. బాగుచేయడమంటే ముందు తీసేయడం. లోపల ఉన్న ఇళ్లలో ఏది కోటతో పుట్టింది, ఏది తర్వాత మొలిచింది అని ఒక పెద్దాయన హైదరాబాద్ నుంచి వచ్చి చూస్తాడు. పాతదైతే ఉంటుంది, ఉన్నవాళ్లే చూసుకుంటారు. కొత్తదైతే తీసేస్తారు, బస్టాండు వెనక జాగా ఇస్తారు. ఇన్‌ఛార్జి సారు మాకు చెప్పింది ఇదే. నేను పోయి ఈదమ్మత్తకు చెప్పింది కూడా ఇదే.

"గంతేనా!" అంది. "మా ఇల్లు పాతదా కాదా అని హైదరాబాదు నుంచి వచ్చి చూడాల్నా? నిన్ను అడిగితే చెప్పకపోతివా?"

"నేను చెప్తే నడవదత్తా. ఆయన రాస్తేనే."

"రాయనీ. మజ్జిగ తాగుతడా?"

ఉశేనప్ప మామ మాత్రం గోడ వైపు చూశాడు. గచ్చు అక్కడక్కడ పెచ్చులూడి ఉంది. ఆ చూపు నేను గమనించాను. దాని అర్థం నాకు తట్టలేదు. గైడ్లు అందరికీ అన్నీ చూపిస్తారు, వాళ్లకు ఎవరైనా చూపిస్తే తప్ప కనిపించదు.

ఆయన రావడానికి ముందు రెండు రోజులు నేను పైకి పోలేదు. కింద దర్వాజ దగ్గర ఆయనకు స్వాగతం పలికే పనులు. బ్యానరు, కుర్చీలు, కొబ్బరిబొండాలు.

మూడో రోజు ఖాజా భాయ్, నేను, ఇన్‌ఛార్జి సారు కలిసి ఆయన్ని తీసుకుని పైకెక్కాం. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మెట్లు ఎక్కుతూ ఆగి ఆగి రాళ్లను చేత్తో తడిమి చూస్తున్నాడు. చప్పట్లు కొట్టలేదు. అప్పుడే ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

రెండో దర్వాజ దాటగానే నాకు కళ్లు చెదిరాయి. నిజంగా చెదిరాయి, ఎండ అంతటిది, గోడ అంతటిది.

ఇల్లు మెరుస్తోంది. ముందు గోడ మొత్తం సిమెంటు, దాని మీద తెల్ల సున్నం. ద్వారబంధానికి దవాఖాన కిటికీలకు వేసే నీలం రంగు, చిలుకల మీద కూడా, దట్టంగా. గడప చుట్టూ పూల బొమ్మలున్న బాత్రూం టైల్సు. వంటింటి కంతకు పలక బిగించి మూసేశారు. పొయ్యి బయటికి వచ్చింది. ఉశేనప్ప మామ ఉతికిన పంచె కట్టుకుని, గోళ్ల నిండా నీలం రంగుతో, ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. మేస్త్రీ పని చేసే బామ్మర్దిని ఇటిక్యాల నుంచి పిలిపించి రెండు రోజుల్లో పని ముగించాడు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

"ఏంది మామా ఇది?" అన్నాను మెల్లగా.

"కూలిపోయేటట్టున్నదని రాస్తడేమో అని భయపడ్డం" అన్నాడు ఇంకా మెల్లగా. "పాతదని అందరికి తెల్సు గదా. గట్టిగున్నదని తెల్వాలె."

ఈ ఒక్క మాటలో తప్పు ఎక్కడుందో నేను ఇప్పటికీ చూపించలేను.

హైదరాబాద్ సారు గోడ మీద వేలు పెట్టాడు. వేలికి సున్నం అంటింది. ద్వారబంధం మీద పెట్టాడు, నీలం అంటింది. రుమాలుతో తుడుచుకున్నాడు.

"ఇది ఈమధ్య కట్టిందే కదా?"

"లేదు సార్" అన్నాను. "లోపల పాత గచ్చే. చిలుకలు రాతివి. వంటింట్లో తుపాకీ కంత కూడా ఉంది సార్."

"ఎక్కడ?"

మూసేసిన పలక చూపించాను. ఆయన దాన్ని చూసి నన్ను చూశాడు.

ఖాజా భాయ్ గొడుగు తిప్పి పట్టుకున్నాడు. "గీకి చూపిస్త సార్. ఒక్క నిమిషం" అని గొడుగు కొనతో సిమెంటు మీద పెట్టాడు.

ఈదమ్మత్త వచ్చి ఆ గొడుగు పట్టుకుంది.

"అయ్యో వద్దు భాయ్! మొన్ననే ఏసినం. సారు ముంగట గోడ గీకుతరా ఎవరన్న?"

"అత్తా, ఒక్క జాగల గీకితే..."

"నీకు తెల్వదు ఊకో అల్లుడా. ఇంటికొచ్చినోళ్ల ముంగట ఇల్లు చెడగొట్టుకుంటమా? సార్, కూసోండ్రి. మజ్జిగ తాగుండ్రి."

సారు కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. బాగుందన్నాడు. చుట్టూ చూసి, "ఇల్లు చాలా శుభ్రంగా పెట్టుకున్నారమ్మా" అన్నాడు. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఈదమ్మత్త మొహం వెలిగింది. ఉశేనప్ప మామ నా వైపు చూసి, చూశావా అన్నట్టు తల ఊపాడు.

దిగేటప్పుడు నేను మళ్లీ అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "ఉండొచ్చు. కానీ నేను కనిపించింది రాయాలి బాబూ. కనిపించనిది రాస్తే రేపు ప్రతి ఇంటివాళ్లూ లోపల పాతదుందంటారు." అది కూడా నిజమే. ఆ రోజంతా ఎవరు మాట్లాడినా నిజమే మాట్లాడారు. అదే ఇబ్బంది.

సాయంత్రం ఈదమ్మత్త మిగిలిన మజ్జిగ మాకు ఊరికే పోసింది. "మంచోడు సారు" అంది. మేము తాగాం.

పలుగు తగిలినప్పుడు

వర్షాకాలం ముగిశాక కాగితం వచ్చింది. ఇల్లు కొత్తది. ఇన్‌ఛార్జి సారే వచ్చి చదివి వినిపించాడు. ఈదమ్మత్త అంతా విని, "మజ్జిగ తాగిండు గదా" అంది.

వాళ్లు దిగిపోయారు. బస్టాండు వెనక రేకుల షెడ్డు వేసుకున్నారు. కింద మజ్జిగకు ఎవరూ ఆగరు, కూల్‌డ్రింకు దుకాణాలున్నాయి. మామ ఒక ఫంక్షన్ హాల్లో రాత్రి కాపలాకు కుదిరాడు. తాతల పనే అని నేనొకసారి నవ్వించబోయాను. ఆయన నవ్వలేదు. నాకు తెలిసి, నేను వేసిన జోకుల్లో వెనక్కి తీసుకోవాల్సింది అదొక్కటే.

ఇల్లు తీసేయడానికి యంత్రం పైకి రాదు కాబట్టి కూలీలు పలుగులతో వచ్చారు. ముందు పైకప్పు తీశారు. తర్వాత ముందు గోడకు పలుగు వేస్తే సిమెంటు పలకలు పలకలుగా ఊడి పడింది. దాని వెనక పాత గచ్చు, ముందే పెచ్చులూడిన చోట్లు తప్ప, నున్నగా చెక్కు చెదరకుండా ఉంది. టైల్సు ఊడితే గడప రాయి, పలక ఊడితే కంత కనిపించాయి. కూలీల మేస్త్రీ పని ఆపేసి మమ్మల్ని పిలిచాడు.

ఖాజా భాయ్ గచ్చును చేత్తో తడిమాడు. "అరే మియా" అన్నాడు, "మనం ఫిరంగి చూపించినం, దొన చూపించినం. గీ ఇంట్లకు ఒక్క గుంపును తోల్కపోయినా, గీళ్లకు తెలిసేది గదా, పాతదాన్ని పాతగనే ఉంచాల్నని."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నోట్లో మిర్చి బజ్జీ ఉంది, సగం మాటలు సరిగ్గా వినపడలేదు. కానీ కోట గురించి నాకు తెలిసిన చరిత్ర మొత్తంలో దీనికంటే ముఖ్యమైన వాక్యం ఇంకోటి లేదు.

హైదరాబాద్ సారు మళ్లీ వచ్చాడు. గోడ ముందు నిలబడి, రుమాలు తీసి, తుడుచుకోవడానికి ఏమీ లేక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కూల్చడం ఆపించాడు. కానీ పైకప్పు లేదు, కాగితం వెనక్కి రాదు, జాగా ఇచ్చేశారు. మిగిలిన గోడల చుట్టూ ఇనుప రెయిలింగు, ముందు బోర్డు వచ్చాయి. 'కావలి సైనికుల పురాతన నివాసం. తాకరాదు.'

ఇక అప్పటి నుంచి అది మేము చూపించాల్సిన వాటిలో చేరింది.

కాబట్టి కొత్తగా వస్తున్నవాళ్లకు నా మొదటి సలహా. చరిత్ర తెలిసిన వాళ్లకు చెప్పడం మీ పని కాదు, వాళ్లకు తెలుసు. తెలియని వాళ్లకు చెప్పడం కూడా సులువే, మళ్లీ రారు. చరిత్రలో కాపురం చేస్తున్నవాళ్లకు చెప్పండి, రంగు డబ్బా తెరవక ముందే. పెద్దవాళ్లెవరైనా ఏదైనా చూడటానికి వస్తున్నారంటే, బ్యానరు పని ఇంకొకరికి అప్పగించి, ముందు రోజు ఆ ఇంటి అరుగు మీద కూర్చోండి.

జర పక్కకు

తర్వాత చాలా రోజులు ఈదమ్మత్త పైకి రాలేదు. ఒకసారి దర్గా ఉర్సుకు వచ్చింది, చుట్టాల ఆడవాళ్లతో. పైకి పోవాలంటే ఆ ఇంటి ముందు నుంచే పోవాలి. అప్పుడు నా దగ్గర ఒక గుంపు ఉంది. నేను బోర్డులో ఉన్నది చెప్తున్నాను.

"ఇక్కడ కావలివాళ్లు ఉండేవారు. ఈ కంతలోంచి శత్రువులు వస్తున్నారేమో చూసేవారు."

"పొగ పోనీకె గూడ" అంది వెనక నుంచి ఒక గొంతు.

గుంపు తిరిగి చూసి నవ్వింది. ఈదమ్మత్త రెయిలింగు పట్టుకుని లోపలికి చూస్తోంది.

"ఆంటీ, ఇక్కడ ఎవరుండేవాళ్లో మీకు తెలుసా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"నేనుంటుంటి" అంది.

గుంపు ఇంకోసారి నవ్వింది. ముసలావిడ సరదాగా అంటోందనుకున్నారు. నేను నోరు తెరిచాను. ఆలోపు ఒకాయన ఫోన్ ఎత్తి పట్టుకుని, "అమ్మా, జర పక్కకు జరుగుతారా? ఫొటోలో పడుతున్నారు" అన్నాడు.

ఆమె జరిగింది. అప్పటికే అలవాటైన పని కదా.

గుంపు పైకి పోయాక నేను రెయిలింగు గేటు తీశాను. ఆమె గడప దాటకుండా ఆగి, ద్వారబంధం మీద చిలుకను చూసింది. కూలీలు రంగంతా గీకారు గానీ చిలుక ముక్కు కింది మడతలో వేలెడంత నీలం మిగిలి ఉంది. తాకరాదు అన్న బోర్డు పక్కనే నిలబడి, కొంగుతో దాన్ని రుద్దింది. పోలేదు.

"మంచి రంగే తెచ్చిండు మీ మామ" అంది. "చూడనీకె ఒక్కసారన్న రమ్మంటే రాడు."

"ఎందుకు రాడత్తా?"

"నన్నడుగుతవేంది? గోడనడుగు."

ఆ తర్వాత ఏడాదికి నా మోకాలు రిటైరైంది. నా జాగాలో ఒక పలక పెట్టారు, దాని మీది గళ్ల బొమ్మకు ఫోన్ చూపిస్తే కోట గురించి అదే చెప్తుందట. అది నాకంటే స్పష్టంగా మాట్లాడుతుంది, మధ్యలో మజ్జిగ తాగదు. ఇప్పుడు మిమ్మల్ని కూడా తీసుకుంటున్నారంటే, అది చెప్పలేనిది ఏదో ఉందని ఎవరికో అనిపించి ఉంటుంది.

ఆ నీలం ఇంకా ఉంది. ఎడమ చిలుక, ముక్కు కింద. బోర్డులో దాని గురించి లేదు. మీరు గుంపుతో అక్కడికి వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి, అది ఈదమ్మ, ఉశేనప్పల ఇల్లని చెప్పండి. రంగు ఎవరు వేశారో, ఎందుకు వేశారో కూడా చెప్పండి. టైం చాలకపోతే శ్రీశైలం సొరంగాన్ని వదిలేయండి. అది ఎక్కడికీ పోదు.